రెండో గుండీ ఎత్తు

అడవి పరిశోధన ఆఫీసులో ఆయన్ని అందరూ టేపు బాబాయ్ అనేవారు. ముప్పయ్యేళ్లుగా ఆయన పని ఒకటే: ఏటా రెండువేల చెట్లకు టేపు చుట్టి, చుట్టుకొలత రాసుకోవడం. వినడానికి చిన్న పనే. ఎంత పెద్దదో ఆయన మోకాళ్లనడగాలి.

నిరుడు ఎంత ఎత్తులో కొలిచామో ఈ ఏడూ అంతే ఎత్తులో కొలవాలి. అందుకే ప్రతి చెట్టుకూ పసుపు గీత ఉండేది. ఎనిమిదేళ్ల కిందట గీతలు వెలిసిపోయాయి. రంగు పంపమంటే ఆఫీసు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ గీతలు సరిగ్గా తన చొక్కా రెండో గుండీ ఎత్తున ఉండేవి గనక, బాబాయ్ గుండీనే గీత చేసుకున్నాడు.

ఆ రోజు, ఈ కొలతల లెక్కలు చూసే మేడం ఆయన్ని కంప్యూటర్ దగ్గరికి పిలిచింది.

"చూడండి బాబాయ్ గారూ! వానలు తగ్గినా చెట్లు ఎనిమిదేళ్లుగా లావెక్కుతూనే ఉన్నాయి. అడవికి ఢోకా లేదని రేపు రిపోర్టు పంపేస్తున్నా. అంతా మీ కష్టమే."

ఇన్నేళ్లలో ఆయన్ని మెచ్చుకున్నది ఆ పిల్లొక్కతే. అయినా మనసు కుదుటపడలేదు. రోజూ అడవిలో తిరిగేవాడికి తెలియదా? ఆకులు పలచబడ్డాయి, కొమ్మల చివర్లు మాడాయి.

ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే భార్య నవ్వింది.

"ఏమిటండీ, రానురానూ ఇలా వంగిపోతున్నారు! పై అరలో డబ్బాకి కూడా స్టూలెక్కుతున్నారు."

బాబాయ్ చటుక్కున మళ్లీ చొక్కా తొడుక్కుని, నేల నుంచి గుండీ దాకా ఆమె చేతే కొలిపించాడు. ఆఫీసు పుస్తకంలో రాసుండే పాత గీత ఎత్తు ఆయనకు కంఠతా; దానికి నాలుగు వేళ్లు తక్కువ! చెట్టు కింది వైపు ఎప్పుడూ లావే. ఏటేటా ఈయన కుంగాడు, టేపు దిగింది, అంకె పెరిగింది.

తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే ఎనిమిదేళ్ల చాకిరీ బుట్టదాఖలు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

పొద్దున్నే వెళ్లి చెప్పేశాడు. మేడం వెంటనే రిపోర్టు ఆపి, పాత గీత ఎత్తుకి ఒక కర్ర కోయించి, తనూ అడవికి వచ్చింది. మూడు రోజుల్లో వంద చెట్లు కొలిచారు. ఎనిమిదేళ్ల కిందటి అంకెలకీ వీటికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"అయితే ఇవి అసలు పెరగనే లేదా!" అంది మేడం, ఒక మొద్దు మీద కూలబడి.

"లేదమ్మా," అన్నాడు బాబాయ్, నడుం పట్టుకుని లేస్తూ. "ఆ కర్ర ఇటివ్వు. ఇంకా పంతొమ్మిది వందలున్నాయి."