ఉబ్బిన డబ్బాలు

చేప రుచే ఎరగని మనిషి చేపల డబ్బాలు ఏరిపెట్టడం జీవితంలో ఒక్కసారి చూశాను. సార్డీన్లనే ఆ చిన్న సముద్రపు చేపల్ని నేనూ ఆ తర్వాత ముట్టలేదు.

ఎనభైల మొదట్లో తిరుపతిలో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేసేవాణ్ని. మా ఆఫీసు కిందే కిరాణా కొట్టు. యజమాని నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లింట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. రేణిగుంట దారిలో కొత్తగా తెరిచిన ఒక హోటలుకు బియ్యం, పప్పు, నూనె సరఫరా చేసే అవకాశం ఆయనకు దక్కేలా ఉండింది. హోటలు మేనేజరు మాత్రం ఒక మెలిక పెట్టాడు. బయటి దేశాల అతిథుల కోసం డబ్బా చేపలు కూడా ఆయనే తేవాలి. అన్నీ ఒకే కొట్టు నుంచి రావాలి, లేకపోతే ఏదీ వద్దు.

మద్రాసు ఏజెంటు ద్వారా రెండు పెట్టెలు తెప్పించాడు. మండుటెండల కాలం. ఆ పెట్టెలు ఏ రేకుల షెడ్డు కింద ఎన్నాళ్లు పడి ఉండి వచ్చాయో తెలియదు. ఒక మధ్యాహ్నం ఆయన మేడెక్కి వచ్చి గొంతు తగ్గించాడు.

"అబ్బా, నువ్వు తినేవాడివి గదా. ఒక డబ్బా ఇప్పి రుసి సూసి సెప్పు. పొద్దన్నే పన్నెండు హోటలుకు పంపించినాను. ఎట్లుంటాయని మేనేజరు అడిగితే నేనేం సెప్పేది?"

"పంపేసినాక రుసి సూడమంటావేందన్నా?"

"మంచివే ఏరి పంపినాలే. సరుకు ఏరడం నాకు నేర్పిస్తావా?"

కొట్టు వెనక గోదాములో, వాళ్లమ్మ కంట పడకుండా బస్తాల చాటున, డబ్బాలు రెండు వరుసలుగా పెట్టి ఉన్నాయి. ఒక వరుసలో మూతలు చదునుగా ఉన్నాయి. రెండో వరుసలో పూరీల్లా పొంగి ఉన్నాయి. చింతపండైనా మిరపకాయలైనా బస్తా బిగుతుగా, పొట్ట ఉబ్బి ఉంటేనే ఆయన దించుకునేవాడు. వదులుగా ఉంటే దారిలో ఎవడో చెయ్యి పెట్టినట్టే. ఆ లెక్కన ఉబ్బిన డబ్బాల్లో సరుకు నిండుగా ఉందనీ, చదునువాటిలో తూకం కొట్టేశారనీ తేల్చుకున్నాడు. హోటలుకు వెళ్లినవన్నీ ఉబ్బినవే.

నాకు తెలిసిందీ అంతంతే. మా ఊళ్లో చేపంటే చెరువు చేప, మొప్పలెత్తి చూసి కొనేది. నూనె డబ్బాలు తెరిచే ఉలితో ఉబ్బిన మూత మీద ఒక్క పోటు పొడిచాను. బుస్సుమంది. బూడిదరంగు నురగ నా చొక్కా మీదికి, మెడ మీదికి చిమ్మింది. లోపల చేపలు లేవు. నానబెట్టిన సున్నంలాంటి ముద్ద ఒకటి ఉంది, దానిలోంచి ఇంకా బుడగలు వస్తున్నాయి. పక్కనున్న ఖాళీ గోనెసంచితో మెడ తుడుచుకున్నాను.

ఆయన తువ్వాలు ముక్కుకు అదుముకున్నాడు. "థూ! ఎలక సచ్చినట్టుండాదే! మీరు లొట్టలేసుకొని తినేది ఇదేనా?"

"తినేది కాదన్నా ఇది. కుళ్లిపోయినాది."

ఆయన తువ్వాలు దించి వాకిలి వైపు చూశాడు. "ఆడ ఎవురన్నా తినేసింటే?"

చదును డబ్బాల పెట్టెను ఆయన స్కూటరు ముందు పెట్టుకొని ఇద్దరం రేణిగుంట దారి పట్టాం. హోటలు వెనక కాలవ పక్కన మా పన్నెండు డబ్బాలూ ఒక బకెట్లో కనిపించాయి. మలయాళీ వంటమనిషి మమ్మల్ని చూసి పగలబడి నవ్వాడు.

"ఎవరు సార్ ఏరింది? పెట్టెలో చచ్చిందంతా వెతికి వెతికి పంపించారే! మేనేజరుకి ఇంకా చెప్పలేదు. పొద్దు పోయేలోపల మంచిది పన్నెండు ఇవ్వండి."

చదును డబ్బా ఒకటి తీసి మూతను బొటనవేలితో నొక్కాడు. నొక్కితే టిక్కుమనకూడదట, టిక్కుమంటే లోపల కుళ్లి గాలి పుట్టినట్టు. అంచున తుప్పు ఉండకూడదు, సొట్ట ఉండకూడదు. చూపించి, దాన్ని కోసి తెరిచాడు. తలలు లేని చేపలు నూనెలో ఒకదాన్నొకటి ఒరుసుకొని పడుకొని ఉన్నాయి. తోక పట్టి ఒకదాన్నెత్తి వెన్నెముకతో సహా నమిలాడు. డబ్బాలో మిగిలిన నూనెలో బ్రెడ్డు ముంచి, కళ్లు మూసుకొని మింగాడు.

"ఎముక కూడా వెన్న సార్. తినండి."

కొట్టాయన మర్యాద కోసం తిన్నాను. ముల్లు ముల్లులా గుచ్చుకోవాలి. ఇది నోట్లో తడి సుద్దముక్కలా నలిగింది. చల్లటి నూనె అంగిలికి పొరలా అంటుకుపోయింది.

"ఎట్లుండాది?" అన్నాడు ఆయన ఆత్రంగా.

"కుళ్లలేదు," అన్నాను. అంతకుమించి ధ్రువీకరించడం నా వల్ల కాలేదు.

"మిగిలింది మీరే నొక్కి చూడండి సార్. నెలనెలా నేను ఏరిస్తానా?" అని వంటమనిషి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

కొట్టాయన పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. మొదట వేలికి తువ్వాలు చుట్టుకొని నొక్కాడు. గుడ్డ అడ్డం ఉంటే మూత కదిలిందో లేదో తెలియడం లేదు. తువ్వాలు తీసేసి, వట్టి బొటనవేలు మూత మీద ఆనించాడు. పెట్టెలో కారిన చేపనూనె అంటి మూతలన్నీ జిడ్డు. నొక్కిన ప్రతిసారీ వేలిని గోడకు రాశాడు. పన్నెండు పూర్తయ్యేసరికి గోడ మీద వరసగా మరకలు. వంటమనిషి వచ్చి అన్నీ మళ్లీ నొక్కి, తల ఊపి లోపలికి తీసుకుపోయాడు.

తిరుగుదారిలో ఒక కొళాయి దగ్గర బండి ఆపి, ఆ బొటనవేలిని మట్టితో మూడుసార్లు తోముకున్నాడు.

"ఇంగ నెలనెలా ఇదేనా అబ్బా?"

"హోటలు బేరం కావాలంటే అంతే గదన్నా."

మళ్లీ బండెక్కి, ఊరు చేరేదాకా ఆ బొటనవేలు హ్యాండిల్‌కు తగలకుండా పైకెత్తి పట్టుకునే బండి నడిపాడు.