పక్క చేను సారు, మా అత్తమ్మ చీరలు

పక్క చేను సార్ పోయారు. రాజేంద్రనగర్ నుంచి వాళ్లావిడ ఫోన్ చేసినప్పుడు నేను మక్కజొన్న చేను గట్టున, కంచె కింద గడ్డి కోస్తున్నాను. "ఆయన వెళ్లిపోయారమ్మా" అన్నారు, అంతే. గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మిగిలిన గడ్డి కోశాను. కంచె కింద గడ్డి పెరగనివ్వకూడదని మాకు నేర్పింది ఆయనే మరి.

సార్‌ది కోస్తా. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. మా ఊరు పాల్మాకులలో మా చేను పక్కన చిన్న ముక్క కొంటే, అందరిలాగే ఫామ్‌హౌస్ కడతారనుకున్నాం. ఆయనేమో నాలుగు కర్రలు పాతి, వాటి మధ్య రాగి తీగలు కట్టి, పక్కన రేకుల గది వేసి, అందులో ఒక రేడియో పెట్టారు. అది కంటితో కాక చెవితో చూసే టెలిస్కోపట. సూర్యుడి చప్పుడు వింటారట, ఆదివారాలు కాలేజీ పిల్లల్ని పిలిచి వినిపిస్తారట.

మా అత్తమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఏంది సారూ, గింత సదువు సదివి బట్టలారేసే తీగలు కట్టినవ్?" అంది.

"నిజమేనండి అక్కగారూ. కాకపోతే వీటి మీద ఆరేసేది ఎండనే" అన్నారాయన.

విమానాశ్రయం పక్కన కూర్చుని సూర్యుణ్ణి వినడమేమిటని మా ఆయన నవ్వాడు. "కోరుకున్నంత నిశ్శబ్దం ఎవరికి దొరుకుతుందయ్యా? పెళ్లింట్లో కూర్చుని పక్కవాడి మాట వినమా?" అన్నారు సార్. విమానం నెత్తి మీదికి వస్తే ఆయన మాట ఆపేసేవారు. చూపుడు వేలు పైకెత్తి, అది దాటిపోయేదాకా ఆగి, ఎక్కడ వదిలారో ఆ మాట నుంచే అందుకునేవారు. మాకు అదొక తమాషా. చాటుగా ఆయన్ను అనుకరించి నవ్వుకునేవాళ్లం.

అసలు గొడవ విమానాలతో రాలేదు, మా కంచెతో వచ్చింది. అడవి పందులు పంట నాశనం చేస్తున్నాయని మేం సోలార్ కంచె వేసుకున్నాం. తీగ తగిలితే పందికి ఝట్కా కొడుతుంది, ప్రాణం పోదు. ఆ కంచె వేసిన దగ్గర్నుంచి సార్ రేడియోలో సూర్యుడు పోయి, టక్, టక్, టక్ అని అదే పనిగా మోత మొదలైంది.

ఆయన మా వాకిట్లోకి వచ్చి ఆ సంగతి చెప్పారు. పంట చేతికొచ్చే రోజులవి. కంచె ఆపమంటారని అత్తమ్మ ముందే కొంగు బిగించింది. "నీ సూర్యుని కోసం మా మక్కలు పందులకు పెట్టాల్నా?"

"కంచె ఆపొద్దండి. పంది ఆదివారం సెలవు తీసుకోదుగా" అన్నారు సార్. "మీ పంట పోయాక నాకు సూర్యుడు వినపడితే ఏం సుఖం? జబ్బు ఎక్కడుందో వెతుకుదాం, అంతే."

జేబులోంచి చిన్న రేడియో తీసి, ఏ స్టేషనూ పలకని చోట ముల్లు పెట్టి, కంచె పొడవునా నడిచారు. వెనక మేం. మంచి చోట రేడియో ఊరికే బుస్సుమనేది. తీగ మీద గడ్డి వాలిన చోట టక్. కరెంటు కర్రలోకి దిగకుండా మా ఆయన చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క పగిలిన చోట టక్. తుప్పు పట్టిన ముడి దగ్గర టక్. కుంట వైపు మూలకు వచ్చేసరికి చెవులు మూసుకోవాల్సి వచ్చింది. అక్కడున్నవి మా అత్తమ్మ చీరలు.

మా వైపు తెలిసిన సంగతే, పందులు రాకుండా చేను చుట్టూ పాత చీరలు కడతాం. మనిషి వాసనకు, రెపరెపకు అవి బెదురుతాయి. సోలార్ కంచె వచ్చాక కూడా అత్తమ్మ చీరలు విప్పనివ్వలేదు. పైగా గట్టిగా ఉంటుందని కొత్త తీగకే కట్టింది. రాత్రి మంచుకు తడిసిన కొంగు నేల మీద వేలాడుతోంది. కరెంటు దాని గుండా నేలలోకి కారిపోతూ చిటపటమంటోంది. సార్ వినేది ఆ చిటపటే.

"అక్కగారూ, పందులు ఎటు నుంచి దూరుతున్నాయి?"

"గీ మూలకెళ్లే. వాన పడ్డనాడైతే ఇగ చెప్పొద్దు."

"తడి చీర కరెంటు తాగేస్తోందండి. అక్కడ మీ కంచెకు బలం లేదు, నాకేమో మోత. చీరలు తియ్యమనను. ఒక్క మూర లోపలికి జరుపుదాం."

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. కంచె పని చేయదని తనూ, చీరలు దండగని కొడుకూ అప్పటిదాకా రోజూ పోట్లాడుకున్నారు. చివరకు, "జర పైలం, చినుగుతయి" అంది. కంచెకు కరెంటిచ్చే పెట్టె ఆపి, సారే ఒక్కో చీర విప్పారు. ఇది ఎప్పటిది అక్కగారూ, అది ఎక్కడ కొన్నారు అని అడుగుతూ. ఆమె చెబుతూనే ఉంది. వేరే కర్రలు పాతి కట్టేశాం. గడ్డి కోసి, పాత ముడులు, ట్యూబు ముక్కలు మార్చేసరికి రేడియోలో టక్ ఆగింది. మర్నాడు ఆయన వాళ్లింటి నుంచి పాత నీలం చీర ఒకటి తెచ్చి, "మా ఆవిడ వాటా" అని ఇచ్చారు. ఆ ఏడాది పందులు రాలేదు.

తర్వాతి ఆదివారం అత్తమ్మను రేకుల గదిలో కూర్చోబెట్టారు. బయట మబ్బు. "గీ మబ్బుల ఏం వినిపిస్తది?" అంటే, "మబ్బు కళ్లకే అడ్డమండి, చెవులకు కాదు" అన్నారు. చాలాసేపు బుస్సుమని, ఉన్నట్టుండి చప్పుడు పెరిగి, పొంగి, మెల్లగా వెనక్కి తగ్గింది. "మా ఊరి సముద్రం అచ్చం ఇలాగే ఉంటుందండి" అన్నారు సార్. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. సముద్రం చూడని మా అత్తమ్మ ఇంటికొచ్చి, సూర్యుణ్ణీ సముద్రాన్నీ ఒక్కసారే విన్నానని వాడంతా చెప్పింది.

ఆ మనిషి ఇక లేరు. మొన్న ఆదివారం ఆయన దగ్గర చదివిన పిల్లలు వచ్చి రేకుల గది తెరిచారు. తుంపర పడుతోంది. అత్తమ్మ కోసం చూస్తే చేను మూలన ఉంది. రాత్రి గాలికి నీలం చీర ఎగిరి తీగ మీద పడిందట. పెట్టె ఆపి, దాన్ని జాగ్రత్తగా తీసి, మళ్లీ పెట్టె వేసి, చీర పిండుతోంది.

"తడుస్తున్నవ్ అత్తమ్మా, రా. సారే లేడు, ఇగ ఎవరి కోసం?" అన్నాను.

"సారు లేకుంటే సూర్యుడు లేడా ఏంది? పిల్లలు వింటున్నరు" అంది. ఇంకేదో చెప్పబోయింది. ఇంతలో నెత్తి మీదికి విమానం వచ్చింది. ఆమె మాట ఆపి, చూపుడు వేలు పైకెత్తింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. విమానం దాటిపోయింది. రేకుల గదిలోంచి ఎక్కడా టక్ లేని మెత్తని హోరు వినబడుతోంది. అత్తమ్మ వేలు ఇంకా దించలేదు.