పిట్ట పలకలేదని పారేసిన పళ్లు

మేకల వెనక తిరిగే వయసులోనే ఈల నేర్చుకున్నాను. అక్షరాలంటారా, అరవై దాటాక. తిరుపతి కొండల పొదల్లో వంకర ముక్కున్న మట్టిరంగు పిట్ట ఒకటి ఉంటుంది. నేను ఈల వేస్తే ముందు జవాబిస్తుంది, తర్వాత కొమ్మ మీదికొచ్చి నన్ను వెతుక్కుంటుంది. నాకున్న విద్య అదొక్కటే. గొప్పలు మాత్రం పది విద్యలున్నవాడిలా చెప్పుకునేవాణ్ణి.

పిట్టల మీద పరిశోధన చేసే చిత్తూరు అమ్మాయి ఒకామె నన్ను పనికి పిలిచింది. నేను ఈల వేయాలి, పిట్ట వచ్చి సన్నటి వలలో పడాలి. ఆమె దాని రెక్క కింద ఒక చుక్క నెత్తురు తీసుకుని వదిలేసేది. డిఎన్‌ఏ చూడ్డానికట.

"అన్నీ ఒకటే పిట్టలు గదమ్మా, ఇంగ సూసేదేముండాది?" అని నవ్వాను.

మా కొండల్లో పని బాగానే సాగింది. ఈలోగా నేను పైవరసకు కట్టుడు పళ్లు పెట్టించుకున్నాను. వాటితోనే పాకాల దాటి ఇంకో కొండకు వెళ్లాం. అక్కడా అదే రంగు, అదే ముక్కు. ఈల వేశాను. పిట్ట తలైనా తిప్పలేదు. దవడలు నొప్పెట్టేదాకా వేశాను. అది తీరిగ్గా పురుగులు ఏరుకుంటోంది.

"ఈ పండ్లే అడ్డం!" అని ఊడబెరికి లోయలోకి విసిరేశాను.

"అయ్యో తాతా, అవేం జేసినాయి?" అని ఆ అమ్మాయి నెత్తిన చేతులు పెట్టుకుంది.

బోసినోటితో మళ్లీ వేశాను. పలకలేదు. నేను ఊరుకున్నాక రెండు పిట్టలు వాటంతటవే వచ్చి వలలో పడ్డాయి. ఇక నా ఈల చచ్చిందనుకుని పని మానేశాను. దగ్గితే పళ్లు ఊడి బావిలో పడిపోయాయని ఇంట్లో చెప్పాను. వానాకాలం వచ్చిపోయినా ఈల కోసం పెదవులు ముడవలేదు.

ఒకరోజు సంకటి మింగుతుంటే ఆ అమ్మాయి వచ్చింది.

"తాతా, పరీక్షలు తేలినాయి. ఆ కొండ పిట్ట వేరే జాతి. సూసేకి ఒకటే మాదిరి ఉంటాది గానీ, డిఎన్‌ఏ వేరు, కూత వేరు. నీ ఈలకు అదెట్ల పలకతాది?"

"అయితే నా ఈల బాగుండాదా?"

"బాగుండాది. పండ్లే అన్యాయంగా లోయలోకి పాయె!"

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చేసింది. "లోయలోకా? బావిలో పడినాయంటివే! పాపా, ఈయప్పకు కూడా ఒక చుక్క నెత్తురు తీసి సూడు. మనిషి మాదిరే ఉండాడు గానీ, వేరే జాతేమో!"

మర్నాడు కొండెక్కి, భయపడుతూనే ఈల వేశాను. పొదలోంచి జవాబొచ్చింది. వంకర ముక్కుది కొమ్మ మీదికొచ్చి నాకోసం అటూ ఇటూ చూసింది. నా నోట్లో పళ్లున్నాయో లేదో దానికి పట్టలేదు.

మా ఆవిడకు పట్టింది. చెనక్కాయలు వేయించినప్పుడల్లా నా ఎదురుగానే కూర్చుని నములుతుంది.