బ్రేకరు ఆట

కొత్తపేటలో అద్దెకారు డ్రైవర్లు చాలామందే ఉన్నారు. పిల్లలతో ప్రయాణమంటే మాత్రం అందరూ మాణిక్యాలరావునే పిలుస్తారు. బండి ఆయనది కాదు, బంగారరాజు గారిది. ఆయన దగ్గర ఇరవై రెండేళ్ళలో మూడు బళ్ళు మారాయి గానీ డ్రైవరు మారలేదు.

మాణిక్యాలరావుకి పేరొచ్చింది ఏడాదిగా ఆడిస్తున్న ఆటల వల్ల. డ్యాష్‌బోర్డు మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటుంది. ఓడినవాళ్ళు సెల్‌ఫోను తీసి అందులో వెయ్యాలి, ఇల్లు చేరేదాకా అడగకూడదు. ముందు వెళ్ళే లారీ నంబరు అంకెలన్నీ కూడి ముందుగా చెప్పినవాళ్ళకి ఒక పాయింటు. రాబోయే ఊరి బోర్డు ముందు చదివితే ఒకటి. వంతెన దాటేదాకా ఊపిరి బిగబడితే రెండు. స్పీడు బ్రేకరుని ముందు చూసి "బ్రేకరు!" అని అరిస్తే ఏకంగా మూడు. ఆయనా ఆడతాడు, ఎప్పుడూ ఓడిపోతాడు, తన ఫోను కూడా డబ్బాలో వేసేస్తాడు. పిల్లల సంతోషం కోసం కావాలని ఓడుతున్నాడని ఊళ్ళో మెచ్చుకునేవాళ్ళు. నేనూ మెచ్చుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

నా పేరు విజయ్ కుమార్, హైస్కూల్లో సోషలు చెబుతాను. మొన్న వేసవిలో మా అన్నయ్య కూతురు శారోన్‌నీ, దాని స్నేహితులు ముగ్గుర్నీ మారేడుమిల్లి తీసుకెళ్ళాను. శారోన్‌కి పదిహేనేళ్ళు. మాట తక్కువ, చూపెక్కువ. నాకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు కాబట్టి మాణిక్యాలరావుని పిలిచాం.

వెళ్ళేటప్పుడు గోలే గోల. రావులపాలెం రాకముందే రెండు ఫోన్లు డబ్బాలో పడ్డాయి. గౌతమీ గోదావరి మీద వంతెన దాటేసరికి ఊపిరి బిగబట్టి అందరి మొహాలూ కందగడ్డలయ్యాయి. మారేడుమిల్లిలో వాగులో ఆడుకుని, బొంగు చికెన్ తిని, మధ్యాహ్నం తిరుగుముఖం పట్టాం. కారెక్కగానే ముగ్గురు పిల్లలు నిద్రపోయారు. ముందు సీట్లో నేనూ కళ్ళు మూశాను.

"లేవండమ్మా, ఆటాడదాం!" అని మాణిక్యాలరావు లేపబోయాడు.

"అలిసిపోయేరండి, పడుకోనివ్వండి," అన్నాను.

కాసేపటికి మళ్ళీ లేపాడు. సాయంత్రం వెలుతురు తగ్గుతుంటే మూడోసారి, "మాస్టారూ, మీరన్నా లెగండి, ఒక్కాట," అన్నాడు. ప్యాసింజర్లని బతిమాలి ఆటాడించే డ్రైవరుని ఎక్కడా చూడలేదు. అయినా నాకు అనుమానం రాలేదు. వెనక శారోన్ ఒక్కతే మేలుకుని "బ్రేకరు", "బ్రేకరు" అని చెబుతూనే ఉంది. నేను గుర్రు పెట్టాను.

రావులపాలెం దాటి కొత్తపేట రోడ్డెక్కిన కాసేపటికి కారు ఎగిరిపడింది. నా తల పైకప్పుకి కొట్టుకుంది. డబ్బా వెళ్ళి నా కాళ్ళ దగ్గర పడింది.

"అదేంటండీ బాబూ! అంత బ్రేకరు కనబళ్ళేదా?" అని అరిచాను.

ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. వెనక నుంచి శారోన్ అంది: "పొద్దుటి నుంచీ మేం అరిచిన బ్రేకర్ల దగ్గరే స్లో చేసేరు బాబాయ్. అరవని చిన్న చిన్నవి చూడనే లేదు. నిజమో కాదో తేల్చుకుందామని, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కటి చెప్పలేదు."

నా ఒళ్ళు మండిపోయింది. "నలుగురు పిల్లలండీ కార్లో! నలుగురు!"

"ఏడాదైందండి. ఎదరంతా మంచు పట్టినట్టుంటంది," అన్నాడాయన. "తెలిస్తే బంగారరాజు గారు రేపే బండి ఇంకోళ్ళ చేతికిచ్చేత్తారు. ఈ స్టీరింగు తప్ప నాకేం వచ్చండి? ఇంకెంతండి, ఏడు కిలోమీటర్లు. పాప చెబుతుంటే మెల్లిగా పోనిచ్చేత్తాను."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మొహం చూసి నేను సరే అనబోయాను. ఈలోగా శారోన్ ముందుకి వంగి డబ్బా అందుకుంది. ఫోన్లన్నీ తీసి ఒళ్ళో వేసుకుని, ఖాళీ డబ్బా ఆయన ముందు పెట్టింది.

"తాతగారూ, మీరు ఓడిపోయేరండి. డబ్బాలో వెయ్యాలి. ఫోను కాదండి, తాళం."

ఆయన ఆ డబ్బాకేసి చూశాడు. తర్వాత ఇంజను ఆపి, తాళం తీసి అందులో వేశాడు. భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

బంగారరాజు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "బండి అక్కడే ఉంచండి, మనిషిని పంపుతాను," అన్నారు. ఫోను పెట్టేశారు. అందరం ఆటో ఎక్కాం. మాణిక్యాలరావు ఆటోవాడి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. దారిలో శారోన్ అలవాటుగా "బ్రేకరండీ," అంది. ఆటోవాడు పట్టించుకోలేదు. మాణిక్యాలరావు కుడికాలు మాత్రం ఆటో నేలని గట్టిగా తొక్కింది. నా కోపం అక్కడితో పోయింది. పాపమనిపించింది.

కొత్తపేటలో దిగాక ఆయన శారోన్ దగ్గరికొచ్చాడు. "రేపు కంటాసుపత్రికి తోడొత్తావామ్మా? గోడ మీద అక్షరాల బోర్డు చదివిత్తారంట. నువ్వు పక్కనుంటే..."

"ఆయ్, వస్తానండి. కానీ అక్కడ నేను చెప్పనండి. మీరే చదవాలి."

"కనపడకపోతేనో?"

"కనపడలేదనే చెప్పాలండి."

మాణిక్యాలరావు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆయ్," అన్నాడు.