చాలండి అన్న తరువాత

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, గుంటూరులో జరిగిన ఒక ఇంటర్వ్యూ బోర్డులో నన్ను భాషా నిపుణురాలిగా వేశారు. జపాన్‌లోని ఒక చిన్న పట్టణం తన పురపాలక కార్యాలయంలో పనిచేయడానికి మన ప్రాంతం నుంచి ఒకరిని కోరింది. ఉద్యోగం పేరు సాంస్కృతిక సమన్వయకర్త. అక్కడి బడిపిల్లలకు మన పండుగల గురించి చెప్పాలి, వంటల తరగతులు నడపాలి, అతిథులు వస్తే దుబాసీగా ఉండాలి. జపనీస్ వస్తే సరిపోదు, కెయిగో కూడా రావాలి. పెద్దలతో, పై అధికారులతో వాడే మర్యాద భాషను అలా అంటారు. నా ఉద్యోగమంతా జపనీస్ బోధిస్తూనే గడిచింది. నాలుగు వాక్యాలు బట్టీపట్టి, నడుం వంచి నవ్వేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు పొద్దుటి నుంచీ అలాంటివాళ్ళే వచ్చారు.

బోర్డులో ముగ్గురం. అధ్యక్షులు రాఘవరావు గారు, పదవీ విరమణ చేసిన అధికారి. ఆ పట్టణం తరఫున వచ్చినవారు తనాకా గారు. మూడో మనిషిని నేను. భాషా నిపుణులు ఉచ్చారణకూ కెయిగోకూ మార్కులు వేయాలే తప్ప మధ్యలో నోరు తెరవకూడదని నియమం. నాకు అది ఎంత కష్టమో నా విద్యార్థులను అడిగితే చెబుతారు.

భోజనాల తరువాత శిరీష వచ్చింది. పర్చూరు దగ్గర మిరప రైతు కూతురు. ఈ ఉద్యోగమే ఎందుకని అధ్యక్షులు అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. "ఈ ఏటితో ఈ ఉద్యోగానికి నాకు వయోపరిమితి అయిపోతుంది సార్. ఇది రాకపోతే జపనీస్ పక్కనపెట్టి బ్యాంకు పరీక్షలు రాస్తానని మా నాన్నకి మాటిచ్చేశాను." ఆ తరువాత ఆమె జపనీస్ విని నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఎన్నాళ్ళకు విన్నాను అలాంటి భాష!

చివరి అంకం అభినయ పరీక్ష. అభ్యర్థి తన ఊరి తినుబండారం తెచ్చి, అతిథిగా కూర్చున్న తనాకా గారికి పెట్టి, దాని గురించి చెప్పాలి. శిరీష ఇంట్లో చేసిన కారం చెక్కలు తెచ్చింది. ఆయన రెండు తిని, చాలన్నారు. ఆమె చక్కటి కెయిగోలో "ఇంకొక్కటి" అంటూ వేసింది. జపాన్‌వారికి పళ్ళెంలో పెట్టింది వదిలెయ్యడం అమర్యాద. ఆయన తినేశారు. మనకేమో ఖాళీ పళ్ళెం చూస్తే చెయ్యి ఆగదు. ఆమె మళ్ళీ వేసింది. ఆయన చెయ్యి అడ్డం పెడితే సందు చూసి మరీ వేసింది. పాపం, ఆయన ముఖం ఎర్రబడింది, నుదుటి మీద చెమట పట్టింది. రాఘవరావు గారు కలం మూసేశారు. అయిపోయింది ఈ పిల్ల పని అనుకున్నాను. ఆపవే తల్లీ అని అరవాలనిపించింది కానీ పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

మళ్ళీ వెయ్యబోతూ ఆమె ఆయన ముఖం చూసింది. చెయ్యి గాలిలోనే ఆగింది. డబ్బా మూత పెట్టి, మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపి, జపనీస్‌లో అంది: "క్షమించండి. మా ఊళ్ళో అతిథి చాలు అనగానే ఆపేస్తే ఆ ఇంటికి పరువు తక్కువ. మీరు మర్యాద కోసం తింటున్నారు, నేను మర్యాద కోసం వడ్డిస్తున్నాను. ఇలాగైతే మీకు కడుపునొప్పి ఖాయం. మీ దేశంలో అతిథికి నిజంగా చాలని నాకెలా తెలుస్తుంది?"

తనాకా గారు నీళ్ళన్నీ తాగేసి, మొదటిసారి చెప్పినప్పుడే నిజంగా చాలని జవాబిచ్చారు. తరువాత పగలబడి నవ్వారు.

అభ్యర్థులందరూ వెళ్ళాక చర్చ జరిగింది. పొద్దున వచ్చిన ఒక యువకుడు ఒక్క పొరపాటూ చేయలేదనీ, ఈమె అతిథిని ఏడిపించినంత పని చేసిందనీ అధ్యక్షుల అభ్యంతరం. న్యాయమైనదే. తనాకా గారు మాత్రం ఆమె వైపే ఉన్నారు. అప్పుడు అధ్యక్షులు నా అభిప్రాయం అడిగారు. ఆ యువకుడు తనాకా గారిని ఒక్క ప్రశ్నా అడగలేదని చెప్పాను. రాఘవరావు గారు మూసిన కలం తెరిచి, శిరీష పేరు రాశారు.

ప్రయాణానికి ముందు ఆమె, వాళ్ళ నాన్న వెంకటేశ్వర్లు గారు సత్తెనపల్లిలో మా ఇంటికి వచ్చారు. సున్నుండలు పెట్టాను. ఆయన రెండోదానికే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలండి, చాలండి" అన్నారు. నేను ఆపేశాను. ఆయన కూతురి వైపు తిరిగారు.

"అదేంటే, మేడమ్ గారు నిజంగానే ఆపేశారు?"

శిరీష నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన చెయ్యి పక్కకు తోసి ఇంకో రెండు వేశాను. ఆయన హాయిగా తిన్నారు.

ఆ తరువాత నేను కూర్చున్న బోర్డుల్లో ఎవరు ఎక్కడ తప్పు చేశారని లెక్క చూడడం తగ్గించాను. తప్పని తెలిశాక ఎదుటి మనిషిని ఏమడిగారో రాసుకునేదాన్ని. భాషకు మార్కులు వేరేగా వేసేదాన్ని.