బాగానే చెబుతారండి

ఆ రోజుల్లో మా కాలేజీలో కంప్యూటరంటే నేర్చుకునే వస్తువు కాదు, దణ్ణం పెట్టుకునే వస్తువు. తొంభైల చివర్లో మాట. రాజమండ్రికి బస్సులో గంట దూరంలో, కాలువగట్టు మీదున్న ఓ డిగ్రీ కాలేజీలో నేను టెంపరరీ లెక్చరర్ని. చదివింది ఎం.కాం. కానీ యూనివర్సిటీవాళ్ళు బి.కాం. పిల్లలకి కొత్తగా కంప్యూటర్ పేపరు పెట్టేసరికి, స్టాఫ్ రూములో అందరికన్నా చిన్నవాణ్ణి, కాదనడం చేతకానివాణ్ణి నేనే కాబట్టి అది నా నెత్తిన పడింది. కాకినాడలో నెల రోజుల ట్రైనింగుకి కూడా వెళ్ళొచ్చాను (సగం రోజులు కరెంటు లేదు, మిగతా సగం నాకు అర్థం కాలేదు). కొన్న నాలుగు కంప్యూటర్లకీ టైలరు చేత ముసుగులు కుట్టించి, దసరాకి బొట్లు పెట్టి, గదికి తాళం వేశాం. తాళంచెవి నా జేబులో ఉండేది. ఎవరైనా అడిగితే "దుమ్ము పడుతుందండి" అనేవాణ్ణి. అసలు సంగతి, ట్రైనింగులో ఒకసారి ఏదో మీట నొక్కితే తెర మొత్తం నల్లబడిపోయింది. ఆ నలుపు నా కళ్ళలోంచి పోలేదు.

మరి పాఠం ఎలా చెప్పేవాణ్ణంటారా? బ్రహ్మాండంగా చెప్పేవాణ్ణి, నా ఉద్దేశంలో. బోర్డు మీద సుద్దముక్కతో కంప్యూటర్ బొమ్మ గీసి, "మౌస్ అనగా ఎలుక ఆకారంలో ఉండు పరికరము, కానీ దీని తోక ముందువైపు ఉండును" అని నోట్సు రాయించేవాణ్ణి. పిల్లలు తలొంచుకుని రాసుకునేవారు. ఒక్కరు నోరెత్తి ఒక్క ప్రశ్న అడిగేవారు కాదు. అంత స్పష్టంగా చెబుతున్నానన్నమాట అని నేను మురిసిపోయేవాణ్ణి.

ఇలా ఉండగా ప్రిన్సిపాల్ గారు ఓ రోజు పిలిచి చల్లగా చెప్పారు. "మాస్టారూ, యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తోందండి. ఈ కొత్త కోర్సు ఉంచాలా ఎత్తెయ్యాలా తేల్చేస్తారట. పిల్లల అభిప్రాయాలు రాయించి పెట్టమన్నారు. కోర్సు పోతే మరి మీ పోస్టు కూడా..." అని ఆ మాట అక్కడే వదిలేసి ఫ్యాను వైపు చూశారు. నాకు పెళ్ళయి మూడు నెలలు కూడా కాలేదు. పెళ్ళిచూపుల నాడు మా మావగారు "ఉద్యోగం గట్టిదేనా బాబూ" అని అడిగితే మా నాన్నగారు "ఆయ్, గవర్నమెంటు కన్నా గట్టిదండి" అని ధీమాగా చెప్పి ఉన్నారు. భయం పైకి తేలకుండా ఆ మధ్యాహ్నమే క్లాసుకెళ్ళి, అందరికీ తలో తెల్ల కాయితం పంచి, "నా పాఠం ఎలా ఉందో రాయండి, పేర్లు వెయ్యక్కర్లేదు" అని చెప్పి పెద్దమనిషి తరహాగా వరండాలోకెళ్ళి నించున్నాను. తిరిగొచ్చి చూసుకుంటే ఆనందం పట్టలేకపోయాను. మొదటిదానిలో "మాస్టారు బాగానే చెబుతారండి." రెండోదానిలో "పాఠం బాగానే ఉంటుందండి." మూడోదానిలో "బాగానే అర్థమవుతుందండి." క్లాసు క్లాసంతా కూడబలుక్కున్నట్టు ఒకటే మాట! ఆ కట్ట సంచిలో పెట్టుకుని సైకిలెక్కి, కాలువగట్టంతా ఈలేసుకుంటూ ఇంటికెళ్ళాను.

ఆ రోజు మా ఆవిడ మొట్టమొదటిసారి సొంతంగా పనసపొట్టు కూర చేసింది. ఆవ కొంచెం, అంటే నిజం చెప్పాలంటే బాగా, ఎక్కువైంది. ముక్కు అదిరి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఎలా ఉందండీ?" అంది తను విసనకర్ర ఆపి. కొత్త పెళ్ళాన్ని కష్టపెట్టకూడదు కదా, "బాగానే ఉంది" అన్నాను. అంతే. విసనకర్ర పక్కన పడేసింది. "బాగానేనా? మధ్యలో ఆ 'నే' ఏంటండీ? బాగోలేకపోతే బాగోలేదని చెప్పచ్చుగా!" "అయ్యో, బాగుందనేగా అన్నాను" అన్నాను. "నాకు తెలీదనుకున్నారా? పెళ్ళిచూపులయ్యాక మా పిన్ని 'అబ్బాయి ఎలా ఉన్నాడే' అని అడిగితే నేనూ అదే మాటన్నాను" అంది.

ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మొదటి దెబ్బ నా అందం మీద పడింది సరే, దాని వెనకాలే రెండో దెబ్బ వచ్చి పడింది. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని, ఎడం చేత్తో సంచిలోంచి కాయితాలు తీసి మళ్ళీ చదివాను. బాగానే. బాగానే. బాగానే. ఓరి నాయనోయ్! క్లాసంతా కలిసి ఎంత మర్యాదగా తిట్టారు! మా గోదారి జిల్లాల్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఇంటికొచ్చిన చుట్టం ముందు చారు నీళ్ళలా ఉన్నా "బాగానే ఉందండి" అని జుర్రుకునే జాతివాణ్ణి, నాకెందుకు తట్టలేదో! పొగడ్త అనుకుంటే మనిషికి అక్షరాలు కూడా కనబడవు కాబోలు. సంగతంతా చెప్పి, "ఇప్పుడేం చెయ్యనే?" అని మా ఆవిణ్ణే అడిగాను. తను నవ్వాపుకుంటూ, "ఎలా ఉందని అడిగితే ఎవరు చెబుతారండీ మొహమ్మీద? సలహా అడగండి" అంది.

నిజమే. సలహా అడిగితే లేదనే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు. రోడ్డు మీద సైకిలు చైను ఊడితే నలుగురు ఆగి నాలుగు సలహాలిస్తారు (చెయ్యి పెట్టేవాడు ఐదోవాడు). మర్నాడు మళ్ళీ కాయితాలు పంచి, "వచ్చే ఏడు మీ తమ్ముడో చెల్లెలో ఈ కోర్సులో చేరితే ఏం సలహా చెబుతారో రాయండి" అన్నాను. ఇంక చూడాలి! ఎన్నడూ పేజీ దాటనివాళ్ళు అదనంగా కాయితాలడిగారు. "తమ్ముడూ, కంప్యూటర్ చూడాలనుంటే వరండాలో ఎడమ కిటికీ దగ్గరికెళ్ళు, దాని రెక్క సరిగా పడదు" అని ఒకరు. "అన్నవరంలో కొండెక్కితే సత్యనారాయణస్వామి దర్శనమైనా అవుతుంది గానీ మన కాలేజీలో కంప్యూటర్ దర్శనం అవదు" అని ఒకరు. చదువుతూ నవ్వుకుంటూనే ఉన్నాను గానీ, ఇంకొకదాని దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "చెల్లీ, మాస్టారిని డౌట్లు అడక్కు. ఆయన చాలా మంచివారు. పాపం, ఇబ్బంది పడతారు" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఇన్నాళ్ళూ వాళ్ళు నోరెత్తకపోవడం నా మీద జాలితోనా! సిగ్గేసింది. ఇంత జాలిపడే పిల్లలకి సుద్దముక్క ఎలకని చూపించి పంపేస్తున్నానే అని ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర రెండు కట్టలున్నాయి. మొదటిది కమిటీకిస్తే, వాళ్ళు బయటివాళ్ళు కాబట్టి 'నే' పట్టుకోరు, నా ఉద్యోగం నిలబడుతుంది. రెండోదిస్తే నా బతుకు బస్టాండే. ఇంట్లో చెబితే మా ఆవిడ అంది, "నిన్న ఆవ ఎక్కువైందని మీరు చెప్పుంటే నేను ఇవాళ సరిచేసుకునేదాన్ని కదండీ." పొద్దున్నే వెళ్ళి రెండో కట్ట ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివారు. కొండెక్కిన చోట కడుపు పట్టుకుని నవ్వారు. 'పాపం' దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "ఏవండీ మాస్టారూ, ఇవి మీ చేతులతో మీరే తెచ్చిచ్చారేంటండీ బాబూ! చింపి కాలవలో పారేస్తే నాకు తెలిసేదా?" అన్నారు. "కోర్సు మంచిదేనండి. చెప్పేవాడికే రాదు" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కాయితాలు సర్ది సొరుగులో పెట్టుకున్నారు. కమిటీ వచ్చాక ఆ కట్టనే వాళ్ళ ముందు పెట్టి, గది రోజంతా తెరిచి ఉంచుతామనీ, కాకినాడ నుంచి తెలిసినాయన వారానికి రెండు రోజులొచ్చి చెబుతాడనీ ఒప్పించారు. నాకు మాత్రం విడిగా ఒక మెలిక పెట్టారు. "ఈ ఏడు పిల్లలతోపాటు మీరూ ప్రైవేటుగా ఫీజు కట్టి ఆ పేపరు రాయాలి. పాసైతే ఉంటారు. లేకపోతే నేనేం చెయ్యలేనండి."

అలా నేను నా క్లాసులో నేనే బెంచీ ఎక్కాను. నా పక్కన తుని నుంచొచ్చి మేనత్తగారింట్లో ఉండి చదువుకునే కుర్రాడు కూర్చునేవాడు. నేను మౌస్ పట్టుకుంటే వాడికి నవ్వాగేది కాదు. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. పారిపోడానికి అదేం దూడ కాదండి, కొంచెం వదులుగా పట్టుకోండి" అనేవాడు. తెర నల్లబడితే నేను కుర్చీ వెనక్కి లాక్కునేవాణ్ణి, వాడు ఏదో మీట తట్టి "నిద్దరోయిందండి, అంతే" అనేవాడు. ఏ ఒక్కరూ నన్ను వెక్కిరించలేదు. పరీక్షల ముందు నాకు రాని చోటల్లా ఆ పిల్లలే ఓపిగ్గా చెప్పారు, మర్యాదకి లోటు రాకుండా, ప్రతి ముక్క చివరా 'అండి' తగిలించి. పరీక్ష హాల్లో నా చెమటకి జవాబు కాయితం తడిసిపోయింది. రిజల్ట్సొచ్చిన రోజు పేపర్లో నా నంబరు నాకు కనబడలేదు, ఆ తుని కుర్రాడే వెతికి వేలు పెట్టి చూపించాడు.

మరుసటేడు ఆ బ్యాచి వీడ్కోలు సభకి మా ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళాను. పిల్లలు ఒక్కొక్కరే లేచి మాస్టార్లందర్నీ ఆకాశానికెత్తేస్తున్నారు. తుని కుర్రాడి వంతొచ్చింది. మైకు ముందు నించుని, "కంప్యూటర్ మాస్టారు పాఠం ఎలా చెప్పారో నేను చెప్పనండి" అన్నాడు. హాలంతా గొల్లుమంది. "కానీ మాతోపాటు బెంచీ మీద కూర్చుని, మాతోపాటే భయపడి, మాతోపాటే పాసైన మాస్టారు ఇంకెవరికైనా ఉన్నారాండి?" అని వాడు అడిగేసరికి అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వుతూ తల తిప్పి చూస్తే మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. తరవాత ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను, రిటైర్మెంటుకి కూడా దగ్గరపడ్డాను. ఇప్పటికీ ఆ తొలి నాటి కుర్ర మాస్టారు గుర్తొస్తుంటాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లలకి వీపు పెట్టి, బోర్డుకి పాఠం చెబుతూ. వాడి మీద కోపం రాదు. చెయ్యి పట్టుకుని, రారా బాబూ అని, ఓ ఏడాది ముందే తీసుకెళ్ళి ఆ బెంచీ మీద పిల్లల పక్కన కూర్చోబెట్టాలనిపిస్తుంది.