ఒక్క కూత

మా రాయగడ ఆసుపత్రి డాక్టరమ్మంత మొండి మనిషిని నేను చూడలేదు. చిన్న కన్నంలోంచి కడుపులోకి పంపి ఆపరేషన్ చేసే కొత్త పట్టకారు ఒకటి ఆమె దగ్గరుండేది. పట్టు మరీ బిగిస్తే అది కూత పెట్టేది. ఖాళీ దొరికితే చాలు, తెల్లగుడ్డ మీద నేరేడుపళ్ళు పరిచి, తోలు చిట్లకుండా దానితో ఒక్కొక్కటే ఎత్తేది.

మా అమ్మకు పిత్తాశయంలో రాళ్ళు తీసిన రోజు, నర్సుగా నేను పక్కనే ఉన్నాను. మధ్యలో పట్టకారు కూసింది. డాక్టరమ్మ పట్టు సడలించి, మళ్ళీ మెల్లగా పట్టుకుంది. అమ్మకు ఏమీ కాలేదు.

సాయంత్రం చూస్తే డాక్టరమ్మ మళ్ళీ నేరేడుపళ్ళ ముందే కూర్చుంది.

"అమ్మ బాగానే ఉంది కదండీ, ఇంకా ఏటండీ ఇది?" అన్నాను.

"ఒక్కపాలి కూసింది గదమ్మీ. అది కూయకముందే నా సేతికి తెలియాల."

గుడ్డ మీద ఒక్క మరకా లేదు. అయినా ఇంకో పండు అందుకుంది.